ఎవరిదో తెలియని సిస్టమ్ జాడ తీయడం

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసును ఊహించుకుందాం. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని వెళ్తే అలాంటివి వరసగా తగులుతాయి. గేటు, గేటు పక్కనే కాటా గది, లోపల నల్లటి గెలాక్సీ స్లాబులు నిలబెట్టిన యార్డు, దాని వెనక కోత మిషన్లు, పాలిష్ లైను, ఒక మూలన రెండు గదుల ఆఫీసు. ఆఫీసులో ఐదారు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె, వేలిముద్రల హాజరు మిషన్ ఉంటాయి. కాటా గదిలో ఇంకో సిస్టమ్. అన్నీ ఒకే రౌటర్ కింద నడుస్తాయి.

సోమవారం పొద్దున్నే అకౌంట్స్ చూసే అమ్మాయి నెట్ రావట్లేదంటుంది. పక్క బల్ల అతనికి మాత్రం బాగానే వస్తోంది. పదకొండింటికి కరెంటు పోయి వచ్చాక తారుమారు. ఆమెకు వస్తుంది, అతనికి పోతుంది. ప్రింటర్ ఎవరికీ కనిపించదు. ఈ-వే బిల్లు తీయాలి, సరుకు ఎక్కించిన లారీ గేటు దగ్గర ఆగిపోయింది. అందరికీ టెన్షన్ మొదలవుతుంది.

అప్పుడు ఎవరైనా చేసే పని రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయడం. కాసేపు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. నెట్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందంటారు. వాళ్ల మాట నిజమే కావచ్చు. లక్షణాలు ఇలా ఉన్నప్పుడు గొడవ చాలాసార్లు బయటి లైన్‌లో ఉండదు, రౌటర్‌లోనూ ఉండదు. లోపలి వైర్ల మీద ఎక్కడో ఒక పెట్టె తప్పు సెట్టింగ్‌తో కూర్చుని ఉంటుంది. అది ఏ పెట్టో, ఎవరు పెట్టారో, ఏ గదిలో ఉందో ఎవరికీ తెలియదు.

దాన్ని పట్టుకోవడం పెద్ద ఇంజనీర్ల పని అనుకుని చాలాచోట్ల రోజుల తరబడి అలాగే నెట్టుకొస్తారు. అంత అవసరం లేదు. నోరు విప్పకుండా ఆ పెట్టె ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. నోరు విప్పిన ప్రతిసారీ తన నంబరు తానే చెప్పుకుంటుంది. కాబట్టి నంబరు దొరకడం కష్టం కాదు. ఆ నంబరు నుంచి వైరు దాకా, వైరు నుంచి గది దాకా, గదిలో బల్ల కింద ఉన్న పెట్టె దాకా వెళ్లడమే కష్టం. ఏ వైరు ఎటు పోతుందో ఎక్కడా రాసి ఉండకపోవడమే దానికి కారణం.

ముందు చూడాల్సిన నాలుగు అంకెలు

నెట్ రాని సిస్టమ్ దగ్గర కూర్చుని, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ అని కొట్టాలి. అక్కడ ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. రౌటర్‌ను రీస్టార్ట్ చేయక ముందే ఈ పని చేయాలి. గొడవ నడుస్తున్నప్పుడే ఆధారం చేతికి దొరుకుతుంది. అన్నీ ఆపి మళ్లీ పెడితే నెట్ కాసేపు వస్తుందేమో గానీ జాడ చెరిగిపోతుంది.

అడ్రస్ 169.254తో మొదలైతే ఆ సిస్టమ్‌కు అడ్రస్ ఇచ్చే దిక్కే దొరకలేదన్నమాట. అడిగి అడిగి, జవాబు రాక, తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. వైరు తెగి ఉండొచ్చు, ఆఫీసు వైర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ చచ్చిపోయి ఉండొచ్చు, రౌటర్ దగ్గర ఇవ్వడానికి అడ్రస్‌లు అయిపోయి ఉండొచ్చు. తెలియని సిస్టమ్ వేట అక్కర్లేదు, ముందు వైరు చూసుకోవాలి.

అడ్రస్ సరిగ్గానే ఉంది, కానీ ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని మెసేజ్ వచ్చిందంటే ఒకే నంబరును ఇద్దరు వాడుతున్నారు. విండోస్ ఈ సంగతిని ఈవెంట్ వ్యూయర్‌లో కూడా రాసి పెడుతుంది. సిస్టమ్ లాగ్‌లో 4199 నంబరు ఈవెంట్ వెతికితే, పోటీకి వచ్చిన యంత్రం మ్యాక్ అడ్రస్, అంటే ఆ యంత్రాన్ని గుర్తుపట్టే నంబరు, అందులోనే ఉంటుంది. చాలామంది ఆ మెసేజ్‌ను ఓకే కొట్టి మూసేస్తారు. దొంగ తన చిరునామా రాసి వెళ్లిన కాగితాన్ని చించేసినట్టే అది.

ఇక మూడోది, చీమకుర్తి ఆఫీసులో కనిపించేది. ఆఫీసు అంతా 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు ఉండాల్సింది, నెట్ రాని సిస్టమ్‌లకు 192.168.0తో మొదలయ్యేవి వచ్చాయి. మధ్యలో ఒక్క అంకె తేడా. ఆ ఒక్క అంకెతోనే అవి వేరే వీధిలో ఉన్నట్టు లెక్క. ప్రింటర్ ఈ వీధిలో, సిస్టమ్ ఆ వీధిలో. అందుకే ప్రింటర్ కనిపించదు.

ఇద్దరు పంచిపెట్టేవాళ్లు

ఈ తేడా ఎలా వస్తుందో తెలియాలంటే అడ్రస్‌లు పంచే పద్ధతి కాస్త చూడాలి. దాని పేరు డీహెచ్‌సీపీ. ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని నిబంధనల పత్రం 1997 మార్చిలో వచ్చింది. కొత్తగా ఆన్ అయిన సిస్టమ్‌కు తన అడ్రస్ తెలియదు, పంచేవాడు ఎవరో కూడా తెలియదు. కాబట్టి నెట్‌వర్క్ మొత్తానికీ వినబడేలా, అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని టముకు వేస్తుంది. రౌటర్ ఫలానా అడ్రస్ తీసుకోమంటుంది. సిస్టమ్ సరే అంటుంది. రౌటర్ ఖాయం చేస్తుంది. నాలుగు మాటల్లో బేరం ముగుస్తుంది.

ఈ బేరంలో గుర్తింపు కార్డు చూపించే మాటే లేదు. టముకు విన్నవాళ్లలో ఎవరు జవాబిచ్చినా సిస్టమ్ నమ్ముతుంది. ఇద్దరు జవాబిస్తే, మామూలుగా ముందు పలికినవాడిదే నెగ్గుతుంది. ఈ పద్ధతిని రాసినవాళ్లు ఒక నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లంతా తమవాళ్లే అన్న నమ్మకంతో రాశారు. ఇంట్లో వాడి పక్కన పడేసిన పాత రౌటర్‌ను ఎవరో తెచ్చి, ఆఫీసు వైరును దాని ల్యాన్ రంధ్రంలో, అంటే లోపలి సిస్టమ్‌ల కోసం ఉండేదాంట్లో, గుచ్చుతారని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. వైరును బయటి లైను కోసం ఉండే వ్యాన్ రంధ్రంలో గుచ్చి ఉంటే ఆ పెట్టె తన వెనక ఉన్న ఫోన్‌లకు మాత్రమే అడ్రస్‌లు పంచుకునేది, మిగతా ఆఫీసు జోలికి వచ్చేది కాదు. ఒక రంధ్రం పక్కకు జరిగినందుకు ఆఫీసు మొత్తానికీ రెండో పంపకందారు తయారైంది. ఆ పెట్టెకు బయటి లైను లేదు కాబట్టి దాని దగ్గర అడ్రస్ తీసుకున్న సిస్టమ్‌కు నెట్ రాదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇళ్లల్లో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి కొన్ని అడ్రస్‌లను 1996లోనే విడిగా కేటాయించారు. 192.168తో మొదలయ్యేవి అందులోవే. రౌటర్లు తయారు చేసే కంపెనీలు చాలావరకు 192.168.0.1 లేదా 192.168.1.1 పెట్టి పంపిస్తాయి. అంటే ఏ ఇద్దరి రౌటర్లు కలిపినా తగాదా వచ్చే అవకాశం బాగా ఎక్కువ. కొత్త పెట్టె నంబరు కూడా 192.168.1.1 అయితే పరిస్థితి ఇంకా ఘోరం. అప్పుడు అడ్రస్‌లు చూస్తే అన్నీ సరిగ్గా కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు. సిస్టమ్‌లు బయటికి వెళ్లే ద్వారం అనుకుని వేరే గోడకు తలబాదుకుంటూ ఉంటాయి.

కరెంటు పోయి వచ్చాక బాధితులు ఎందుకు మారారు? డీహెచ్‌సీపీ అడ్రస్‌ను శాశ్వతంగా ఇవ్వదు, అద్దెకిస్తుంది. అద్దె కాలం సగం అయ్యేసరికి సిస్టమ్ తనకు ఇల్లిచ్చిన యజమాని దగ్గరికే నేరుగా వెళ్లి పొడిగించమంటుంది. అందుకే నడుస్తున్న సిస్టమ్‌ల మీద కొత్త పెట్టె ప్రభావం వెంటనే పడదు. ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు మాత్రం పాత అడ్రస్ నాకే ఉందా అని అందరికీ వినబడేలా అడుగుతుంది. ఆ మాట కొత్త పెట్టె చెవిన కూడా పడుతుంది. అది చెల్లదు పొమ్మనొచ్చు. అప్పుడు సిస్టమ్ మొదటి నుంచి టముకు వేయాలి, మళ్లీ ఎవరు ముందు పలికితే వాళ్ల ఇంట్లో చేరాలి. రోజుకు రెండు మూడు సార్లు కరెంటు పోయే చోట ఈ లాటరీ రోజుకు రెండు మూడు సార్లు జరుగుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో టైమ్‌లో నెట్ పోవడం చూసి సిస్టమ్‌లే పాడయ్యాయనీ, వైరస్ అనీ, విండోస్ మళ్లీ ఎక్కించాలనీ నిర్ణయాలు జరిగిపోతుంటాయి. ఫార్మాట్ చేశాక సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది కదా, ఆ రీస్టార్ట్‌లో అదృష్టం బాగుండి అసలు రౌటర్ ముందు పలికితే ఫార్మాట్ వల్లే బాగుపడిందన్న నమ్మకం కూడా స్థిరపడుతుంది. ఇలా పోగొట్టుకున్న డేటా తిరిగి రాదు. అందుకే అంకెలు చూడకుండా ఫార్మాట్ మాట ఎత్తనివ్వకూడదు.

అదే ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ జాబితాలో కిందికి వస్తే డీహెచ్‌సీపీ సర్వర్ అని ఒక వరస ఉంటుంది. ఈ అడ్రస్ ఇచ్చింది ఎవరో అక్కడ రాసి ఉంటుంది. నెట్ వచ్చే సిస్టమ్‌లో 192.168.1.1 అని, రాని సిస్టమ్‌లో 192.168.0.1 అని ఉంటే సగం కేసు తేలినట్టే. దొరకాల్సింది 192.168.0.1.

ఐపీ నుంచి మ్యాక్‌కు

ఐపీ అడ్రస్ ఇంటి నంబరులాంటిది, మారిపోతుంది. యంత్రాన్ని పట్టించేది మ్యాక్ అడ్రస్. 48 బిట్‌లు, రాస్తే 12 గుర్తులు. సున్నా నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు అందులో వస్తాయి. మొదటి ఆరు గుర్తులు తయారీదారుకు ఐఈఈఈ సంస్థ కేటాయించినవి, మిగతా ఆరు ఆ కంపెనీ ఒక్కో యంత్రానికి వేసుకునేవి.

ఒకే నెట్‌వర్క్‌లో ఒక యంత్రం ఇంకోదానితో మాట్లాడాలంటే ఐపీ ఒక్కటే సరిపోదు, మ్యాక్ కావాలి. దాన్ని కనుక్కునే పద్ధతి ఏఆర్‌పీ. 1982 నవంబర్‌లో డేవిడ్ ప్లమ్మర్ రాసిన చిన్న పత్రంలో ఉన్నదే ఇప్పటికీ నడుస్తోంది. 192.168.0.1 ఎవరు అని సిస్టమ్ అందరినీ అడుగుతుంది, నేనే అని ఒకరు తమ మ్యాక్ చెబుతారు. ఇక్కడా రుజువు అడగడం లేదు. అడిగిన సిస్టమ్ ఆ జవాబును కాసేపు గుర్తు పెట్టుకుంటుంది. ‘ఏఆర్‌పీ -ఏ’ అని కొడితే ఆ జ్ఞాపకం మొత్తం తెర మీద కనిపిస్తుంది.

వెతికేవాళ్లకు ఏఆర్‌పీ చేసే మేలు చాలా ఉంది. ఉన్నావా అని ఒక అడ్రస్‌ను పలకరించే కమాండ్ పింగ్. విండోస్‌లో కాపలా ఉండే ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి పింగ్ చేస్తే జవాబు రాకపోవచ్చు. అక్కడ ఎవరూ లేరనుకుని చాలామంది వదిలేస్తారు. కానీ పింగ్ పంపడానికి ముందే ఏఆర్‌పీ ప్రశ్న వెళ్లింది. దానికి జవాబివ్వకపోతే ఆ యంత్రం నెట్‌వర్క్‌లో బతకలేదు. కాబట్టి పింగ్ విఫలమైనా వెంటనే ‘ఏఆర్‌పీ -ఏ’ కొట్టి చూస్తే మ్యాక్ అడ్రస్ అక్కడ ఉంటుంది. తలుపు తీయకపోయినా ఇంట్లో దీపం వెలుగుతున్నట్టు.

ఒకే ఐపీని ఇద్దరు వాడుతున్న కేసుల్లో ఇదే పట్టిక అసలు సాక్ష్యం. ‘ఏఆర్‌పీ -డీ’తో జ్ఞాపకం చెరిపి, మళ్లీ పింగ్ చేసి, మళ్లీ పట్టిక చూడాలి. ఐదారు సార్లు చేస్తే ఒకే ఐపీ ఎదురుగా ఒకసారి ఒక మ్యాక్, ఇంకోసారి ఇంకో మ్యాక్ కనిపించవచ్చు. ఆ రెండు నంబర్లనూ కాగితం మీద రాసుకోవాలి. ఇలాంటి తగాదాల్లో ఎలా నడుచుకోవాలో 2008లో విడిగా ఒక నియమం వచ్చింది. అడ్రస్ వాడే ముందే ఇది ఎవరిదైనా ఉందా అని అడిగి, ఉందంటే వెనక్కి తగ్గాలి. ఇప్పటి విండోస్ ఆ మర్యాద పాటిస్తుంది. చవకరకం కెమెరాలు, పాత ప్రింటర్లు కొన్ని పాటించవు. అలాంటివి మొండిగా కూర్చుంటాయి, నష్టపోయేది మర్యాదస్తుడైన విండోస్ సిస్టమే. మెసేజ్ వచ్చిన సిస్టమ్‌దే తప్పని తీర్పు చెప్పకూడదన్నది ఇందుకే.

మ్యాక్ దొరికాక మొదటి ఆరు గుర్తులను నెట్‌లో వెతికితే తయారీదారు పేరు వస్తుంది. రౌటర్ల కంపెనీ అయితే వెతకాల్సింది సిస్టమ్‌ను కాదు, చిన్న పెట్టెను. 08-00-27తో మొదలైతే అది అసలు యంత్రమే కాదు, ఏదో సిస్టమ్ లోపల వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్న కల్పిత సిస్టమ్. కావలిలోనో ఒంగోలులోనో కాలేజీ ల్యాబ్‌లలో ఇది తగిలే అవకాశం ఎక్కువ. అరవై సిస్టమ్‌లు వరసగా చూసినా బయటికి అన్నీ మామూలుగానే ఉంటాయి, ఒకదాని లోపల ఇంకోటి నడుస్తూ ఉంటుంది. మ్యాక్‌లో రెండో గుర్తు 2, 6, ఏ, ఈ ఈ నాలుగింటిలో ఒకటైతే కంపెనీ పేరు వెతికి లాభం లేదు, అది సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న నంబరు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్‌లు వైఫైలో ఇలాంటి మారు నంబర్లే వాడుతున్నాయి. అంటే వెతకాల్సింది బల్లల కింద కాదు, జేబుల్లో.

ఇంకా గుర్తులు కావాలంటే పింగ్ జవాబులో టీటీఎల్ అంకె ఉంటుంది. మామూలుగా విండోస్ అయితే 128, లైనక్స్ మీద నడిచే రౌటర్లు, కెమెరా పెట్టెలు అయితే 64. ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాధనంతో ఏ పోర్టులు (ఒక్కో పనికి ఒక్కో నంబరున్న లోపలి ద్వారాలు) తెరిచి ఉన్నాయో చూడొచ్చు. 9100 తెరిచి ఉంటే ప్రింటర్ కావచ్చు, 554 అయితే కెమెరా, 4370 అయితే వేలిముద్రల హాజరు మిషన్, 3389 అయితే రిమోట్ డెస్క్‌టాప్ ఆన్‌లో ఉన్న విండోస్. వీటన్నిటికంటే తేలికైన దారి ఒకటుంది, జనం తరచూ మర్చిపోతారు. అనుమానం ఉన్న ఐపీని బ్రౌజర్‌లో కొట్టి చూడటం. రౌటర్ అయితే లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, చాలాసార్లు కంపెనీ పేరు, మోడల్ దాని మీదే ఉంటాయి. చీమకుర్తి ఆఫీసులో నెట్ రాని సిస్టమ్ నుంచి 192.168.0.1 కొడితే అదే జరుగుతుంది.

కొన్ని యంత్రాలు ఇంత సులభంగా దొరకవు. ఎవరో చేత్తో వేరే వీధి అడ్రస్ పెట్టి ఉంటే మామూలు పింగ్‌కు అందవు. అప్పుడు వైరు మీద వినబడే మాటలన్నీ తెర మీద చూపించే వైర్‌షార్క్ కావాలి. 1998లో ఈథీరియల్ పేరుతో మొదలై 2006లో పేరు మార్చుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. స్విచ్ ఎవరి మాటలు వాళ్లకే చేరుస్తుంది కాబట్టి పక్కవాళ్ల సంభాషణ ల్యాప్‌టాప్‌లో వినబడదు. టముకు మాత్రం అందరికీ వినబడాల్సిందే. వైర్‌షార్క్‌లో ఏఆర్‌పీ మాత్రమే కనిపించేలా వడపోసి పది నిమిషాలు వదిలేస్తే, ఆ వీధిలో లేని అడ్రస్‌తో ఎవరు ఎవరిని అడుగుతున్నారో వరసగా పడుతుంది. ఈ సాధనాలు వాడేది సొంత నెట్‌వర్క్‌లో, లేదా యజమాని ఒప్పుకున్న చోట మాత్రమే. అనుమతి లేకుండా వేరొకరి నెట్‌వర్క్‌లోకి చేయి పెట్టడం 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది.

వైరు వెంట నడక

మ్యాక్ అడ్రస్ చేతిలో ఉంది. అది ఏ గదిలో ఉంది?

లోపలి పట్టికలు తెరిచి చూపించే మేనేజ్డ్ స్విచ్ ఉన్న ఆఫీసు అదృష్టం చేసుకుంది. ఏ మ్యాక్ ఏ పోర్టు (స్విచ్‌లో వైరు గుచ్చే రంధ్రం) నుంచి వినబడిందో స్విచ్ ఒక పట్టిక రాసుకుంటుంది. అందులో నంబరు వెతికితే పోర్టు దొరుకుతుంది. అయితే ఆ పట్టిక ఎక్కువసేపు ఉండదు. చాలా స్విచ్‌లలో ఐదు నిమిషాలు మౌనంగా ఉన్న నంబరును తీసేస్తారు. కాబట్టి పక్కన పింగ్ నడుస్తూ ఉండగా చూడాలి. ఒకే పోర్టు ఎదురుగా పదీ పన్నెండు మ్యాక్‌లు ఉంటే ఆ పోర్టు చివర సిస్టమ్ లేదు, ఇంకో స్విచ్ ఉంది. అక్కడికి వెళ్లి మళ్లీ అదే వెతుకులాట.

మన జిల్లాల్లో చిన్న ఆఫీసుల్లో ఉండేవి ఎక్కువగా ఏ పట్టికా చూపించని మామూలు స్విచ్‌లు. వాటి దగ్గర వాడాల్సింది వైరు పీకే పద్ధతే, కానీ లెక్కతో పీకాలి. స్విచ్ పక్కనే అదే వీధి అడ్రస్ ఉన్న ల్యాప్‌టాప్ పెట్టి, దొరకాల్సిన అడ్రస్‌కు ‘పింగ్ -టీ’ నడపాలి. ఆపేదాకా అది సెకనుకోసారి అడుగుతూనే ఉంటుంది. జవాబులు వస్తున్నంతసేపు ఆ పెట్టె అటువైపు ఉన్నట్టే. ఒక వైరు పీకగానే జవాబులు ఆగిపోయాయంటే అది ఆ వైరు అవతల ఉంది. 16 వైర్లు ఉంటే ఒక్కొక్కటీ పీకక్కర్లేదు. ఎనిమిది పీకాలి. ఆగిందా, ఆ ఎనిమిదిలో ఉంది. ఆగలేదా, మిగతా ఎనిమిదిలో ఉంది. తర్వాత నాలుగు, రెండు, ఒకటి. నాలుగు విడతల్లో తేలిపోతుంది. పీకే ముందు ప్రతి వైరుకూ పోర్టు నంబరు రాసిన చీటీ కట్టాలి. లేకపోతే ఒక తప్పు వెతకబోయి ఇంకో తప్పు చేసినట్టవుతుంది. ఒకే వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే టముకు మాటలు గిరగిరా తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది. అప్పుడు లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు మెరుస్తాయి.

చీమకుర్తిలాంటి చోట దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలుస్తుంది. మామూలు ఈథర్‌నెట్ రాగి వైరు 100 మీటర్లకు మించి నడవకూడదు. ఆఫీసు నుంచి గేటు దగ్గర కాటా గదికి యార్డు దాటాలి, అది 100 మీటర్లు దాటుతుంది. మధ్యలో ఏదో షెడ్డు గోడకు ఒక చిన్న ఐదు పోర్టుల స్విచ్ తగిలించి అక్కడి నుంచి మళ్లీ వైరు లాగుతారు. ఆ స్విచ్ ఎక్కడుందో పెట్టినవాళ్లకు తప్ప తెలియదు. దాంట్లో ఖాళీగా ఉన్న రెండు మూడు రంధ్రాలే చాలా కథలకు మొదలు. కెమెరాలవాళ్లు ఒకటి వాడుకుంటారు, ఇంకెవరో ఇంకోటి. రాతి పొడి పేరుకుని స్టిక్కర్ల మీద రాసింది కనిపించదు, జిగురు ఊడి స్టిక్కరే పడిపోతుంది. వైరుకు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ మీద చెరగని పెన్నుతో రాస్తేనే అక్కడ నిలుస్తుంది.

ఆఫీసు స్విచ్‌లో యార్డు వైపు వెళ్లే వైరు తీయగానే 192.168.0.1 నుంచి జవాబులు ఆగిపోతాయి. ఇక ల్యాప్‌టాప్ పట్టుకుని యార్డులోకి నడవాలి. దారిలో ఇంకో ఉపాయం. పాత రౌటర్ కాబట్టి వైఫై కూడా వెదజల్లుతూ ఉంటుంది. ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఆఫీసుకు సంబంధం లేని పేరు కనిపించవచ్చు. గేటు వైపు నడుస్తుంటే ఆ సిగ్నల్ గీతలు పెరుగుతాయి.

వైరు పీకకూడని చోటు

ఇదే పద్ధతి నెల్లూరు పొగతోటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే ప్రమాదం. అక్కడ స్విచ్‌లో గుచ్చిన వైర్లలో ఏది బిల్లింగ్ సిస్టమ్‌దో, ఏది ల్యాబ్ మిషన్‌దో, ఏది ఐసీయూ మానిటర్‌దో తెలియకుండా ఎనిమిది ఒక్కసారిగా పీకడం ఊహించడానికే భయంగా ఉంటుంది. అలాంటి చోట చేతికి పని తక్కువ, కంటికి పని ఎక్కువ ఉండాలి. ఏఆర్‌పీ పట్టికలు, వైర్‌షార్క్, మేనేజ్డ్ స్విచ్ ఉంటే దాని పట్టిక. ఇవేవీ ఎవరి పనికీ అడ్డు రావు. ఎన్‌మ్యాప్‌తో గట్టిగా వెతకడం కూడా వైద్య పరికరాలున్న నెట్‌వర్క్‌లో మంచిది కాదు, పాత పరికరాలు ఆ తాకిడికి నిలిచిపోయే ప్రమాదం ఉంది. వైరు తీయక తప్పకపోతే ఆ గదిలో ఉన్న సిస్టర్‌కు చెప్పి, ఆమె సరే అన్నాక, ఒక్కటి మాత్రమే తీయాలి.

ఆస్పత్రిలో సాధారణంగా ఎదురయ్యే కేసు వేరు. రక్తపరీక్షల మిషన్‌ను బిగించడానికి వచ్చిన సర్వీస్ ఇంజనీర్ దానికి చేత్తో ఒక అడ్రస్ పెట్టి వెళ్తాడు, 192.168.1.20 అనుకుందాం. రెండేళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత రౌటర్ మార్చినప్పుడు కొత్త రౌటర్ తన పంపకం జాబితాను 192.168.1.2 నుంచి మొదలుపెడుతుంది. ఒకరోజు ఓపీలో కూర్చున్న ఎవరో వైఫై కలుపుకోగానే ఆ ఫోన్‌కు 192.168.1.20 దక్కుతుంది. ల్యాబ్ రిపోర్టులు ఆగిపోతాయి. ఫోన్ మనిషి వెళ్లిపోగానే అన్నీ బాగవుతాయి. ఇంకోరోజు ఇంకో ఫోన్.

ఇందులో తప్పు సెట్టింగ్ ఎవరిది? ఫోన్‌ది కాదు, దానికి ఇచ్చింది అది తీసుకుంది. మిషన్‌ది కూడా కాదు, ముందు నుంచి ఉన్నది అదే. ఇంజనీర్ పెట్టిన నంబరు ఎక్కడా రాసి పెట్టలేదు కాబట్టి రౌటర్ మార్చినవాళ్లకు తెలియలేదు. రౌటర్‌లో ఆ నంబరును జాబితా నుంచి పక్కన పెడితే, లేదా ఆ మిషన్ మ్యాక్‌కే రిజర్వ్ చేస్తే సమస్య పోతుంది. ఓపీ వైఫైని ఆస్పత్రి పరికరాల నెట్‌వర్క్ నుంచి పూర్తిగా వేరు చేయడం ఇంకా మంచిది, నిజానికి మొదటి రోజే చేయాల్సింది.

ఇలా వచ్చి పోయే గొడవల్లో టైమ్ కూడా ఒక ఆధారమే. అనుమానం ఉన్న అడ్రస్‌కు రోజంతా పింగ్ నడిపి ఎప్పుడు వస్తోందో ఎప్పుడు పోతోందో రాసుకోవాలి. రాత్రీ పగలూ ఉంటే అది గోడకు తగిలించిన పరికరం. పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి పోతే ఉద్యోగి సిస్టమ్. రాత్రి షిఫ్టులోనే వస్తే ఆ షిఫ్టులో ఎవరున్నారో చూడాలి. నెలకు రెండు రోజులే వస్తే ఆడిటర్ ల్యాప్‌టాప్ కావచ్చు. సాధనాలు చెప్పలేని సంగతులు హాజరు పుస్తకం చెబుతుంది.

కాటా గదిలో

చీమకుర్తి వేట చివరికి కాటా గదిలో తేలిందనుకుందాం. కాటా సిస్టమ్ వెనక, రసీదుల కట్టల కింద, పాత రౌటర్ ఒకటి మెరుస్తోంది. ఇంట్లో కొత్తది వచ్చాక పాతదాన్ని కాటా చూసే అతను తెచ్చి పెట్టాడు. ఆ గదిలో ఆఫీసు వైఫై అందదు, మొబైల్ సిగ్నల్ సరిగా ఉండదు. లారీ నంబర్లు, తూకం ఫొటోలు వాట్సాప్‌లో ఆఫీసుకు పంపాల్సింది అతనే. ఎవరూ ఏర్పాటు చేయనిది అతను సొంత సామానుతో చేసుకున్నాడు. వైరు ఏ రంధ్రంలో గుచ్చాలో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ అతని మీద కేకలేస్తే రేపు ఇంకెవరూ ఏదీ చెప్పరు. నెట్‌వర్క్‌లో ఏదైనా కొత్తగా తగిలించినప్పుడు మనుషులు ధైర్యంగా వచ్చి చెప్పే ఆఫీసులో ఇలాంటి వేట గంటలో ముగుస్తుంది. దాచిపెట్టే ఆఫీసులో వారం పడుతుంది. అడగాల్సిన ప్రశ్న కూడా ఎవరు పెట్టారని కాదు, ఇది ఎప్పటి నుంచి ఉందని. ఆదివారం అని జవాబు వస్తే సోమవారం నుంచి మొదలైన గొడవతో లెక్క సరిపోతుంది. నెల రోజుల నుంచి అంటే, ఇంకో పెట్టె కూడా ఉందేమో వెతకాలి.

ఆ రౌటర్‌ను తీసేయక్కర్లేదు. ఒక దారి, వైరును ల్యాన్ రంధ్రం నుంచి తీసి వ్యాన్ రంధ్రంలో గుచ్చడం. చాలా రౌటర్లలో అది వేరే రంగులో, కాస్త ఎడంగా ఉంటుంది. ఫోన్‌లకు నెట్ వస్తుంది, ఆఫీసుకు ఇబ్బంది ఉండదు. కాటా సిస్టమ్ కూడా ఈ రౌటర్ వెనకే ఉంటే మాత్రం ఆఫీసు సిస్టమ్‌లకు అది కనిపించకుండా పోతుంది, అప్పుడు రెండో దారి మేలు. రౌటర్ లోపలికి వెళ్లి డీహెచ్‌సీపీ ఆపేసి, దానికి ఆఫీసు వీధిలోనే, పంపకం జాబితాకు బయట ఉన్న అడ్రస్ ఒకటి, 192.168.1.250 లాంటిది పెట్టి, వైరును ల్యాన్ రంధ్రంలోనే ఉంచాలి. అప్పుడది వైఫై పంచే పెట్టె మాత్రమే. వైఫై పాస్‌వర్డ్, లాగిన్ పాస్‌వర్డ్ రెండూ మార్చాలి. ఇంట్లో పెట్టుకున్నవి ఆఫీసులో ఉండకూడదు.

తర్వాత ప్రతి సిస్టమ్ దగ్గరికీ వెళ్లి ‘ఐపీకాన్ఫిగ్ /రిలీజ్’, ఆ వెంటనే ‘ఐపీకాన్ఫిగ్ /రెన్యూ’ కొట్టాలి. లేకపోతే అద్దె కాలం తీరేదాకా పాత అడ్రస్ పట్టుకుని కూర్చుంటాయి. మళ్లీ ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ ఎదురుగా అన్నింటిలోనూ 192.168.1.1 ఉందో లేదో చూడాలి. ఒక్కదానిలో కూడా వేరేది ఉండకూడదు. షెడ్డు గోడ మీద ఉన్న ఐదు పోర్టుల స్విచ్ సంగతి, కాటా గది రౌటర్ మ్యాక్, దాని కొత్త అడ్రస్, ఈ రోజు తేదీ ఒక నోటుబుక్కులో రాసి రౌటర్ పక్కనే తాడు కట్టి వేలాడదీయాలి. ఈలోగా ఈ-వే బిల్లు వచ్చేసి ఉంటుంది, గేటు దగ్గర లారీ కదులుతుంది.